తాళాల రిజిస్టర్

బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్ ఒక్క తాళంచెవితో తెరుచుకోదు. రెండు కావాలి. ఒకటి హెడ్ క్యాషియర్ దగ్గర ఉంటుంది, రెండోది ఆఫీసరు దగ్గర. పొద్దున ఇద్దరూ పక్కపక్కన నిలబడితే తప్ప ఆ ఇనుప తలుపు కదలదు. సాయంత్రం మూసేటప్పుడూ అంతే. డూప్లికేట్ చెవులు ఆ బ్రాంచిలో ఉంచరు, సీలు వేసి వేరేచోట దాస్తారు. చెవి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో తేదీ, సమయం వేసి ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ సంతకాలు చెయ్యాలి. ముప్ఫై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నేను ఎన్నో ఊళ్లలో అలాంటి రిజిస్టర్లలో సంతకం పెట్టాను. ఈమధ్య రీజనల్ ఆఫీసుకు వచ్చిన కొత్త ఆఫీసర్లు కొందరు, మేనేజరుగా పైకి రావాలంటే ఏం చెయ్యాలి మేడమ్ అని అడిగారు. చదవాల్సిన పరీక్షల గురించి చెప్పి పంపించాను. ఇంటికొచ్చాక మనసంతా ఆ రిజిస్టర్ మీదే ఉంది. వాళ్లకు అది చెప్పి ఉండాల్సింది అనిపించింది.

నేను 1992లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి క్లర్కుగా చేరాను. మా బ్రాంచిలో అప్పటికి కంప్యూటర్ లేదు. చేతులతో మోయలేనంత బరువైన లెడ్జర్లు, ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ. ఖాతాల నిల్వలన్నీ కూడి జనరల్ లెడ్జర్‌తో సరిచూసే పనిని బ్యాలెన్సింగ్ అనేవాళ్లం. ఎక్కడో ఓ పద్దెనిమిది రూపాయలు తేడా వచ్చేది. దాని కోసం రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చునేవాళ్లం. ఆ తేడా పట్టడంలో నాకు మంచి చెయ్యి ఉండేది. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే ఎవరో అంకెలు అటూ ఇటూ చేసి రాశారని అర్థం, 54 బదులు 45, 810 బదులు 180. సరిసంఖ్య వస్తే దాన్ని సగం చేసి ఆ మొత్తం కోసం వెతకాలి, జమలో పడాల్సింది ఖర్చులో పడి ఉండొచ్చు. పేజీ తిప్పుతుండగానే నా వేలు తప్పు ఉన్నచోట ఆగేది. పక్క బ్రాంచీల నుంచి కూడా కబురు వచ్చేది. నేను ఆఫీసరునయ్యానంటే అందులో ఆ పేరు పాత్ర చాలా ఉంది.

2009లో మొదటిసారి బ్రాంచి చేతికొచ్చింది. దివిసీమలో ఒక పల్లె. నాతో పాటు ఒక ఆఫీసరు, హెడ్ క్యాషియరు, ఇద్దరు క్లర్కులు, ఒక అటెండరు. జూన్ నెల. కాలవలకు నీళ్లు వదులుతారన్న మాట వినపడుతోంది, రైతులు పంట రుణాల రెన్యువల్ కోసం బారులు తీరుతున్నారు. ఒక సాయంత్రం క్యాష్ 900 రూపాయలు తక్కువ వచ్చింది. కౌంటర్లో ఉన్నది చేరి మూడు నెలలు కూడా కాని కుర్రాడు. పాపం, మొహం మాడిపోయింది. జేబులోంచి తీసి పెట్టేస్తానన్నాడు. నేను కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. తొమ్మిది వందలు, తొమ్మిదితో పోతుంది. పది నిమిషాల్లో దొరికింది. విత్‌డ్రాయల్ ఫారంలో 5,400, చెల్లింపులు రాసుకునే స్క్రోల్‌లో 4,500. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ బస్సులో నేనెంత ఆనందంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున స్ట్రాంగ్‌రూమ్ దగ్గర మా హెడ్ క్యాషియర్ గారు తన చెవి తిప్పకుండా ఆగారు. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కారు. "అమ్మా, కాలవ అవతలి ఊరి పెద్దాయన నిన్న కూడా వచ్చి వెళ్లిపోయాడు. మీరు క్యాష్ దగ్గరున్నారని గుమ్మంలోంచే చూసి పోయాడు. ఇవాళ్టికి ఎనిమిది రోజులు" అన్నారు.

ఆ ఎనిమిది రోజుల సంగతి బ్యాంకు బయటివాళ్లకు తెలియకపోవచ్చు, చెప్తాను. పంట రుణం గడువులోగా కడితే వడ్డీలో రాయితీ ఉంటుంది. రైతు చేతిలో ఆ సమయానికి డబ్బుండదు. అందుకని ఊళ్లో ఎవరి దగ్గరో నాలుగైదు రోజులకని వడ్డీకి తెచ్చి బ్యాంకులో కడతాడు. మేము కొత్త రుణం మంజూరు చెయ్యగానే ఆ డబ్బు తీసి అతనికి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ పెద్దాయన లక్ష రూపాయలు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు మూడు వేలు, రోజుకు వంద. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నా సంతకం ఒక్కటే లేదు. ఆ ఎనిమిది రోజులూ నేను ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోలేదు. క్లర్కుల వెనక నిలబడి వోచర్లు సరిచేస్తున్నాను, బంగారం ప్యాకెట్ల మీద చిట్టీలు రాస్తున్నాను, తేడాలు పడుతున్నాను. ఆ ఫైలు మాత్రం నా బల్ల మీద ఉంది.

ఆ పెద్దాయనను పిలిపించి సంతకం చేసి, ఆలస్యం నాదేనని చెప్పాను. "పర్లేదమ్మా, మీరు పనిలో ఉన్నారు కదా" అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. ఎనిమిది వందల రూపాయలు ఆ రోజుల్లో ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. తేడా ఇంకొకరు పట్టగలరు, పది నిమిషాలు కాకపోతే రెండు గంటల్లో పట్టగలరు. ఆ సంతకం మాత్రం ఆ బ్రాంచిలో నేనొక్కదాన్నే పెట్టాలి.

1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ అనే ఇద్దరు 'ది పీటర్ ప్రిన్సిపుల్' అనే పుస్తకం వేశారు. ఏ వ్యవస్థలోనైనా మనిషి పని బాగా చేసినన్నాళ్లూ ప్రమోషన్లు వస్తూ ఉంటాయి, చివరికి తనకు చేతగాని కుర్చీ దాకా వెళ్లి అక్కడ ఆగిపోతాడు అన్నది ఆ పుస్తకం సారం. శిక్షణ తరగతుల్లో ఈ మాట చెప్పి అందరినీ నవ్విస్తుంటారు. నాకు నవ్వు రాదు, నేనది పూర్తిగా ఒప్పుకోను కూడా. నేను చూసినవాళ్లలో చాలామంది ఆగిపోయింది కొత్త కుర్చీలో పని చేతకాక కాదు. పాత కుర్చీలో పనిని వదిలి రమ్మని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏ పని బాగా చేసినందుకు ప్రమోషన్ ఇచ్చారో, ఆ పనే ఇంకాస్త గట్టిగా చేస్తే సరిపోతుందనుకుంటారు. అలా అనుకోవడం సహజం. చేతికి అలవాటైన పనిలో ఒక నెమ్మది ఉంటుంది, సాయంత్రానికి ఫలితం కంటికి కనిపిస్తుంది. మేనేజరు పనిలో అది ఉండదు. ఒక మనిషికి పని నేర్పితే ఫలితం ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా అది అతని పేరునే వస్తుంది.

నేను మారిందీ ఒక్కరోజులో కాదు. కొన్నాళ్లకు అదే కుర్రాడి దగ్గర మళ్లీ తేడా వచ్చింది. ఈసారి 270. నాకు చూడగానే అర్థమైంది. కుర్చీ లాక్కోబోయి ఆగాను. తొమ్మిదితో భాగించి చూడు బాబూ అని మాత్రం చెప్పి వెనక నిలబడ్డాను. యాభై నిమిషాలు పట్టింది. అతని వేలు సరైన వోచర్ మీదుగా రెండుసార్లు వెళ్లిపోయింది. చేతులు కట్టుకుని నిలబడటం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. మూడోసారి వేలు ఆగింది. 630 ఉండాల్సినచోట 360. అతను వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసినట్టు, నేను తేడా పట్టిన ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు. ఆ తరవాత క్యాష్ తేడా అని నా గదికి ఎవరూ రాలేదు.

ఇంకో అలవాటు కూడా అక్కడే మొదలైంది. ఒక ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్ద ఆఫీసరు వెళ్తూ వెళ్తూ, రుణం ఇచ్చే ముందు ఇది ఏమవుతుందని మీరనుకుంటున్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఏడాది తరవాత తీసి చూసుకోండి అన్నారు. ఆడిట్ కోసం కాదు, మీ కోసమే అన్నారు. మేనేజ్‌మెంట్ మీద ఎన్నో పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ 1999లో 'మేనేజింగ్ వన్‌సెల్ఫ్' అనే వ్యాసంలో ఇదే పద్ధతి చెప్పాడని చాలా ఏళ్ల తరవాత చదివాను. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందని ఆశిస్తున్నామో రాసుకోవాలి, తొమ్మిది నెలలకో ఏడాదికో జరిగినదానితో పోల్చుకోవాలి. మనిషికి తన బలం ఏమిటో తెలుసునని అనుకుంటాడు గానీ సాధారణంగా ఆ అంచనా తప్పేనని, ఇలా రాసి చూసుకుంటే తప్ప తేలదని ఆయన వాదన.

నేను రూళ్ల పుస్తకం ఒకటి కొని రాయడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగాక తీసి చూస్తే రుణాల విషయంలో నా అంచనాలు చాలావరకు సరిపోయాయి. డ్వాక్రా సంఘాల గురించి రాసినవి దాదాపు అన్నీ నిజమయ్యాయి. మనుషుల గురించి రాసినవి సగం తప్పాయి. ఆ కుర్రాడి గురించి నేనేం రాశానో చూసి సిగ్గుపడ్డాను: 'నెమ్మదస్తుడు. కౌంటర్‌కు పనికొస్తాడు. బయటి పనికి పంపకూడదు.' ఆఫీసరుకు జబ్బు చేసి, పంపక తప్పక ఒకసారి రికవరీకి పంపితే, ఎవరూ వసూలు చెయ్యలేకపోయిన రెండు మొండి బాకీలు రప్పించుకొచ్చాడు. గట్టిగా మాట్లాడేవాళ్లను సమర్థులనుకోవడం, మెతకగా ఉండేవాళ్లను తక్కువ అంచనా వెయ్యడం నా లోపం. అప్రైజల్ ఫారంలో ఏ పైఅధికారీ ఆ మాట రాయలేదు. రాయలేరు కూడా, వాళ్లు చూసేది అంకెలు. డిపాజిట్లు ఎంత పెరిగాయి, మొండి బాకీలు ఎంత తగ్గాయి. నా లోపం నాకు ఆ రూళ్ల పుస్తకమే చెప్పింది. అప్పటి నుంచి ఎవరికైనా పని అప్పగించేటప్పుడు, నా మొదటి అభిప్రాయాన్ని ఒక పక్కన పెట్టి ఒక్క నెల ఇచ్చి చూస్తాను. ఉద్యోగంలో నేను సాధించిన ఎదుగుదల అంటూ ఒకటి చెప్పమంటే దీన్నే ముందు చెప్తాను.

ప్రమోషన్ల మాటకొస్తే, 2012లో నాకు స్కేల్ త్రీ అనే పై హోదాకు అర్హత వచ్చింది. వద్దని రాసిచ్చాను. బ్యాంకు ఆఫీసరును దేశంలో ఎక్కడికైనా బదిలీ చెయ్యొచ్చని 1979 నాటి సర్వీసు నిబంధనల్లోనే ఉంది, ప్రమోషన్ వచ్చిందంటే రాష్ట్రం దాటడం దాదాపు ఖాయం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. ఆ కాగితం రాసిన రోజు మా వారు, నువ్వే ఆలోచించుకో అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. కానీ అలా ఆలోచించుకోవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. మా బ్యాచి ఆడవాళ్లలో అలాంటి కాగితం రాయనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా తరవాత చేరినవాళ్లు నాకు పైఅధికారులయ్యారు. జీతంలో పోయింది, పెన్షన్‌లోనూ పోతుంది. కుటుంబం కోసం చేశాను, బాధ లేదు అని చాలామంది అంటారు. నాకు బాధ ఉంది. ఆ నిర్ణయం తప్పని కూడా నేను అనుకోవడం లేదు. రెండూ నిజమే.

2013లో అరుంధతీ భట్టాచార్య స్టేట్ బ్యాంకుకు తొలి మహిళా చైర్‌పర్సన్ అయ్యారు. ఆమె హయాంలో అక్కడ ఆడవాళ్లకు పిల్లల కోసమో ఇంట్లో పెద్దవాళ్ల కోసమో రెండేళ్ల దాకా సెలవు పెట్టి మళ్లీ వచ్చి చేరే వీలు కల్పించారు. ఆ వార్త చదివిన రోజు నేను పేపరు కత్తిరించి దాచుకున్నాను. ప్రతిభ ఉన్న ఆఫీసరు మధ్యలో ఆగిపోతే నష్టం ఆమె ఒక్కదానిదే కాదని ఒక సంస్థ గ్రహించినట్టు అనిపించింది. కెరీర్‌ను మనమే నడుపుకోవాలని చెప్పేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. దారి వెయ్యాల్సినవాళ్లు వెయ్యకపోతే ఎంత బాగా నడిచేవాళ్లయినా ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

ఆగిన మూడేళ్లలో నేను క్రెడిట్ సెక్షన్ అడిగి వేయించుకున్నాను, అంతవరకు తప్పించుకుంటూ వచ్చిన సీఏఐఐబీ అనే బ్యాంకింగ్ పరీక్ష పూర్తి చేశాను. 2015లో స్కేల్ త్రీ వచ్చి భువనేశ్వర్ వెళ్లాను. అక్కడ భాష రాదు. స్టాఫ్ మీటింగ్‌లో అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక కూర్చునేదాన్ని. కాబట్టి ఎక్కువ వినడం అలవాటైంది.

వదిలేసిన చేతిపనికి ఒక్కసారి మాత్రం తిరిగి వెళ్లాను. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. తొమ్మిదిన బ్యాంకులు మూసి, పదిన తెరిచారు. ఆ వారాలన్నీ నేను నా గది వదిలి కౌంటర్లో కూర్చుని నోట్లు లెక్కపెట్టాను. గేటు బయట జనం, లోపల భోజనం కూడా చెయ్యని పిల్లలు. గదిలో కూర్చుని నేను పెట్టే ఏ సంతకానికీ అప్పుడు విలువ లేదు. మేనేజరు కౌంటర్లో కూర్చోకూడదన్న నియమమేమీ లేదు. ఎందుకు కూర్చుంటున్నారో తెలిసి కూర్చోవాలి, అంతే.

స్కేల్ ఫోర్ ఇంటర్వ్యూలో మొదటిసారి తప్పాను. బ్రాంచిలో మొండి బాకీలు ఎలా తగ్గించారని బోర్డు అడిగింది. మేము ఊరూరా తిరిగాం, మేము సంఘాలతో మాట్లాడాం అని చెప్పుకుపోతున్నాను. ఒకాయన మధ్యలో ఆపి, సరేనమ్మా, అందులో మీరేం చేశారు అన్నారు. నోట మాట రాలేదు. ఆ పనంతా నా మనుషులు చేసిందే, అది నాదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. మనకు చిన్నప్పటి నుంచి సొంత డబ్బా కొట్టుకోవద్దని నేర్పుతారు. అది మంచి మాటే. అందులోనే ఒక చిక్కుంది, నేను నిజంగా చేసిన పనిని కూడా చెప్పుకోలేకపోయాను. చాలా రోజులు ఆలోచించాక తేలింది. ఎవరిని ఏ ఊరికి పంపాలో నేను నిర్ణయించాను. ఆ నెమ్మదస్తుడి లాంటి ఇంకొకమ్మాయిని గుర్తించి రికవరీకి పెట్టాను, రెండు నెలలు ఫలితం రాకపోయినా ఆమెను మార్చకుండా పైవాళ్లకు జవాబు చెప్పాను. వసూలు చేసింది ఆమె. ఆమె వెనక నిలబడింది నేను. ఈ రెండు వాక్యాలను కలపకుండా, విడివిడిగా, ఏదీ దాచకుండా చెప్పడం నేర్చుకున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు అదే చెప్పాను.

ఈ రెండు ఇంటర్వ్యూల మధ్య, 2022లో పల్నాడులో ఒక బ్రాంచిలో ఉండగా జరిగిన సంగతి ఒకటుంది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏటా కనీసం 10 పనిదినాలు, ఒకే విడతలో, ముందు చెప్పకుండా సెలవు మీద పంపాలని రిజర్వ్ బ్యాంకు 2021లో ఆదేశాలిచ్చింది. ఆ సెలవు రోజుల్లో బ్యాంకు పనికి సంబంధించిన దేన్నీ మనం ముట్టుకోకూడదు, కంప్యూటర్‌లో లాగిన్ కూడా ఉండదు. మోసాలు బయటపడటానికి పెట్టిన పద్ధతి అది. ఒక బుధవారం సాయంత్రం నాకు మెయిల్ వచ్చింది, రేపటి నుంచి మీరు రాకూడదు అని. మిర్చి సీజను. యార్డుకు సరుకు వెళ్తోంది, రోజూ లక్షల్లో జమలు. మా అసిస్టెంట్ మేనేజర్‌గా ఉన్నమ్మాయి చేరి రెండేళ్లే. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, రిజిస్టర్‌లో సంతకాలు చేసుకుని, ఇంటికొచ్చాను. మొదటి మూడు రోజులు ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూశాను. అది మోగలేదు. నాలుగోరోజు మనసు కాస్త చివుక్కుమంది. ఆరోరోజుకు మా ఆయనతో కలిసి కోటప్పకొండ వెళ్లొచ్చాను, ఫోను ఇంట్లో మర్చిపోయి.

తిరిగి వెళ్లిన పొద్దున బ్రాంచిలో చిన్న మార్పు కనిపించింది. నా గది గుమ్మం పక్కన బల్ల ఒకటి వేసి ఉంది. రెన్యువల్‌కు వచ్చిన రైతులు అక్కడ కూర్చుంటున్నారు. సంతకం కావాల్సిన ఫైళ్లన్నీ రోజూ పన్నెండింటిలోపు అయిపోవాలని ఆ అమ్మాయి నియమం పెట్టుకుంది. దివిసీమ పెద్దాయన సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, "మా నాన్న కూడా ఇలాగే బ్యాంకు గుమ్మంలో నిలబడేవాడు మేడమ్" అంది.

హెడ్ క్యాషియర్ రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె మధ్యలో ఒకసారి ఆడిటర్ల కోసం, ఇంకోసారి హెడ్ క్యాషియర్ సెలవు పెట్టినప్పుడు చెవులు మార్చిన పద్దులన్నీ వరసగా ఉన్నాయి. మొదటి రోజు సంతకం గీతకు అంటుకుని, చీమల బారులా చిన్నగా ఉంది. చివరిది గడి దాటి పక్క గడిలోకి వచ్చింది. దాని కింద తేదీ వేసి, సమయం 9.40 అని రాసి, నా సంతకానికి మిగిలిన కాస్త చోటులో సంతకం పెట్టి చెవి తీసుకున్నాను.